చౌడు చెలకకు సముద్రపు గింజలు

పోయిన నెల మోకాళ్ల నొప్పికి మందు తెచ్చుకుందామని వనపర్తికి పోయి, బస్సుకు ఇంకా పొద్దుందని చేపల అంగళ్ల మీదుగా నడుస్తుంటే, ఒక పెట్టెలో మంచుగడ్డల మీద వెల్లకిలా పడి ఉన్న బల్లపరుపు చేపను చూసి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మన కృష్ణలో, తుంగభద్రలో దొరికే చేప కాదది. చేటకు తోక అతికించినట్టు ఉంటుంది. తెల్లటి పొట్ట వైపు నోరూ, రెండు ముక్కు రంధ్రాలూ కలిసి పసిపిల్ల నవ్వుతున్నట్టే కనిపిస్తుంది. అమ్మే అతన్ని దాన్ని బోర్లా తిప్పమన్నాను. తోక మీద వరుసగా గరుకు ముళ్లున్నాయి గాని, కుట్టి విషం ఎక్కించే పొడవాటి ముల్లు లేదు. ఇది పిల్లల్ని కనే రకం కాదు నాయనా, నల్లటి తోలుసంచిలో గుడ్డు పెట్టే రకం అన్నాను. అతను ఫోను చూసుకుంటూనే కిలో ధర చెప్పాడు. పక్కనే రొయ్యలు బేరమాడుతున్న మా ఊరి ముసలావిడ, వరుసకు నాకు వదినె, ఆ నల్లసంచి మాట చెవిన పడగానే కొంగు దగ్గరికి లాక్కుని అవతలికి జరిగింది.

ఇన్నేండ్ల తర్వాత కూడా జరిగింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఇంటికొచ్చి, తెచ్చుకున్న మాత్ర వేసుకోవడం కూడా మరిచి కాగితాలు ముందేసుకున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి కనుక రాత కొంచెం వంకరగా ఉంటుంది. మాట మాత్రం మొదటి నుంచీ తిన్నగానే ఉంది, దానివల్లనే సగం కష్టాలు పడ్డాను. నా ఈడువాళ్లు, లారీల మీద దేశాలు తిరిగి కూలి చేసొచ్చినవాళ్లు చదువుతారని రాస్తున్నాను. అవతలికి జరిగినవాళ్లు చదివినా మంచిదే.

వాన మొహం చాటేసిన ఏడాది గుంపులు కట్టి ఊళ్లు విడిచిపోవడం మీకు కొత్తగా చెప్పేది కాదు. ఎక్కడ ఆనకట్ట లేస్తుందన్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నారన్నా అక్కడ పాలమూరు మనుషులు ఉండేవాళ్లు. నాకు పెండ్లైన కొత్తలో మా గుంపు తూర్పు సముద్రం ఒడ్డుకు పోయింది. చేపల పడవలు నిలిచే రేవుకు అలలు తగలకుండా సముద్రంలోకి రాళ్లగోడ కడుతుంటే ఆ పనికి. గుంపులో మా ఆయన, మా బావ అంటే మా ఆయన అన్న, బావ భార్య అయిన మా యారాలు, పాలు మరిచీ మరవని వాళ్ల కొడుకు, ఇంకా మా ఊరివాళ్లు ఉన్నారు. యారాలుది రాజోలి, తుంగభద్రలో ఈదుకుంటూ పెరిగిన మనిషి. నేను మెట్ట చేన్ల బిడ్డను, బావి గిలక చప్పుడు తప్ప నీటి చప్పుడు వినలేదు.

మొదటిసారి సముద్రం చూసినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా మురిసిపోతారట. నాకైతే కడుపు మండింది. ఇంత నీరు పెట్టుకుని ఒక్క మడి పారకపోతే అది ఉండి ఎవరికి లాభం అనుకున్నాను. దోసిట్లో తీసుకుని పుక్కిలించి ఉమ్మేశాను కూడా. ఆ ఉప్పు నాలుక మీద చాలాసేపు ఉంది, దాంతోపాటే ఒక ఆలోచన కూడా ఉండిపోయిందేమో, అది తర్వాత బయటపడింది.

పెద్ద బండల్ని యంత్రం ఎత్తి వేసేది. వాటి సందుల్లో కూర్చే చిన్న రాళ్లు మా ఆడవాళ్ల వంతు. ఒడ్డు నుంచి గోడ కొస దాకా వరుసగా నిలబడి, నిండు గంపను చేతి నుంచి చేతికి అందించుకుంటూ, ఖాళీ గంపను వెనక్కి పంపుకుంటూ పొద్దంతా గడిచేది. ఎవరూ ఎవరి మొహమూ చూసేవాళ్లు కాదు, పక్కదాని చేతులు ఎక్కడుంటాయో మన చేతులకే తెలిసేది. అంత నమ్మకం నేను మళ్లీ ఏ పనిలోనూ చూడలేదు. ఒక్కరు చేతులు ముడుచుకుంటే వరుస మొత్తం ఆగిపోవాల్సిందే.

పడవలు పొద్దున్నే వచ్చి వలలు ఇసుకలో దులిపేవి. పనికొచ్చే చేపలు గంపల్లోకి పోగా నాచు, పీత డెక్కలు, విరిగిన గవ్వలు అక్కడే కుప్పగా మిగిలేవి. ఆ చెత్తలో నాకవి కనిపించాయి. అరచేతిలో పట్టేంత నల్లటి సంచులు, తోలులా వంగే గట్టిదనం, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. మన చెలక గట్ల మీద తేలుకొండి కాయ ఎండి నల్లబడి కొక్కేలతో ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు, వాటిని చూసి నేనేమనుకున్నానో విడమర్చి చెప్పనక్కర్లేదు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదో కదిలినట్టుండేది. సముద్రం అడుగున ఏదో చెట్టు ఉందనీ, దాని కాయ ఇదనీ, కదిలేది గింజ అనీ అనుకున్నాను.

మా అత్తగారింటికి ఊరి దిగువన ఒక చౌడు చెలక ఉండేది. ఎండాకాలం వస్తే పైన తెల్లగా ఉప్పు పూసేది. జొన్న వేసినా, ఆముదం వేసినా మొలక మాడిపోయేది. నన్ను ఆ ఇంటికి ఇచ్చేటప్పుడు మా నాయన దాన్ని కూడా లెక్కలో కలిపి భూమి ఉన్న ఇల్లు అని చెప్పుకున్నాడు. ఉప్పునీళ్లలోనే మొలిచి, ఉప్పునీళ్లలోనే కాసే చెట్టంటూ ఒకటి ఉంటే దానికి మా చౌడు ఒక లెక్కనా అనిపించింది నాకు. ఇప్పుడు మీరు నవ్వుకోవచ్చు. సేద్యం తెలిసిన మనిషికి తప్ప ఆ ఆలోచన రాదు, అందుకని నేను సిగ్గుపడను.

మంచివి ఏరుకున్నాను. మా అమ్మ జొన్నలూ అనుములూ దాచినట్టే నీడన ఆరబెట్టి, పొయ్యి బూడిదలో కలిపి, పైన వేపాకు పరిచి, పాత గుడ్డలో మూటగట్టి, పొగ తగిలేటట్టు గుడిసె చూరుకు వేలాడదీశాను. ఎవరికీ చెప్పలేదు. తొలకరికి ఊరికి పోయి, చౌడులో విత్తి, మొలక వచ్చాక అత్తను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాలని నా ఆశ. లోపల పచ్చి ఉన్నవి బూడిదలో కూడా ఆరవని, కుళ్లుతాయని నాకెట్లా తెలుస్తుంది.

అంతలో యారాలు కొడుక్కు వాంతులు పట్టుకున్నాయి, ఆపైన జ్వరం. పిల్లవాడి కండ్లు లోపలికి పోయాయి. దేవుడికి ముడుపు కట్టారు, దిష్టి తీశారు. ఆ సాయంత్రం గుడిసెల మధ్య చెడ్డ వాసన వస్తుందని బావ వెతుక్కుంటూ వచ్చి, మా చూరుకున్న మూట దించి, అందరి ముందరా విప్పాడు. బూడిద, ఎండిన వేపాకు, అందులో కొమ్ములున్న నల్లటివి, దానికి తోడు పీనుగు వాసన. మన దిక్కున అట్లాంటి మూటకు ఉన్న పేరు ఒక్కటే. బాణామతి. ఆ పేరు పడ్డ ఆడదాన్ని చెట్టుకు కట్టేసిన ఊళ్లు, నోట్లో పండ్లు రాలగొట్టిన ఊళ్లు నా ఈడువాళ్లకు తెలుసు.

మా ఇంట్లో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు, ఆమె కూడా ఆయన ఎదుట నిలబడదు. అందుకని ఆయన మా ఆయన వైపు తిరిగి అన్నాడు.

"తమ్మీ, నీ పెండ్లాన్ని రేపే బస్సెక్కియ్యి. అది ఈడుంటే నా కొడుకు బతకడు."

ఆ బస్సు ఎక్కానంటే నా బతుకు అక్కడితో సరి అని నాకు తెలుసు. ఆ పేరుతో ఒంటరిగా ఊళ్లో దిగితే అత్తగారింటి తలుపు తెరుచుకోదు, పుట్టింటివాళ్లు తెరిచినా ఊరు ఊరుకోదు. మా ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఇంకెవరూ నా తరఫున మాట్లాడరని అర్థమయ్యాక, నెత్తి మీది కొంగు వెనక్కి తోసుకుని బావ మొహంలోకి చూసి నేనే మాట్లాడాను.

"బావా, నాకు బాణామతే వస్తే ఈ రాళ్లు నేనెందుకు మోస్త? మంత్రమేస్తే అవే నడిచి పోయి సముద్రంల పడుతుండె గద."

వెనకాల ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. బావ మొహం నల్లబడింది. ఇవి గింజలు, మా చౌడు కోసం దాచాను అని చెప్పాను. ఏ చెట్టు గింజలని అడిగారు. తెల్వదన్నాను. పిల్లవాణ్ని ఒడిలో వేసుకున్న యారాలు తల ఎత్తి, నేను నీళ్ల ఒడ్డున పుట్టినదాన్ని, ఏ నీళ్లలోనూ ఇట్లాంటి గింజను చూడలేదు చెల్లె అంది. బావ అన్నదానికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే ఆమె నన్ను తిట్టలేదు, నమ్మలేకపోయింది.

తెల్లారి నేను బస్సు ఎక్కలేదు, పనిలోకి పోయాను. వరుసలో నా చోట నిలబడి గంప అందిస్తే పక్కన ఉన్న ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇవతలి ఆమె నాకు అందించకుండా గంపను కింద పెట్టింది. వరుస ఆగిపోయింది. మేస్త్రి వచ్చి, ఎవరి గొడవ ఏమైనా సరే పని ఆగితే కుదరదు, వాళ్లనన్నా ఒప్పించు, లేదా నువ్వన్నా పో అన్నాడు. నేను గంప నెత్తికెత్తుకుని, ఆ వరుస పక్క నుంచే గోడ కొస దాకా నడిచి, రాళ్లు పోసి, తిరిగొచ్చి ఇంకొకటి ఎత్తుకున్నాను. వాళ్లందరూ కలిసి ఒక గంప పంపినప్పుడల్లా నేనొక్కదాన్నీ ఒకటి మోశాను. కాళ్లు చీరుకుపోయాయి. మా ఆయన ఒకసారి దిగొచ్చి నీళ్ల చెంబు నా దారిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన మంచివాడే, పోయాడు కూడా. కానీ ఆ చెంబు ఆ రోజుకు చాలలేదు, ఇప్పటికీ చాలదు.

ఒడ్డున ఇసుకలో చేపలు ఎండబెట్టుకునే ఒక ముసలామె నా నడకను పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది. పొద్దు నడినెత్తికి వస్తుంటే నన్ను ఆపి, మీ వాళ్లందరూ నిలబడి చేసే పని నువ్వెందుకు నడిచి చేస్తున్నావని అడిగింది. చెప్పాను. గింజల మాట వినగానే కడుపు పట్టుకుని నవ్వింది, నా కండ్లు చూసి నవ్వు ఆపేసింది.

"ఇత్తనాలేటే తల్లీ, అయి టేకు చేప గుడ్లు. ఒక్కో సంచిలో ఒక్కో పిల్లుంటాది."

మధ్యాహ్నం మా గుంపు అన్నాలకు కూర్చున్నప్పుడు ఆ ముసలామె ఎవరూ పిలవకుండానే వచ్చింది. చేతిలో సముద్రపు నీళ్ల కుండ, కుండలో అప్పుడే వలలోంచి తీసిన నల్లసంచి. దాన్ని ఎండకు ఎత్తి పట్టింది. లోపల నీడలాంటిది ఒకటి మెలికలు తిరిగింది. కొందరు లేచి వెనక్కి పోయారు. ఆమె పట్టించుకోకుండా చేపల కత్తితో ఒక అంచు కోసి, అరచేతిలో విప్పింది. కోడిగుడ్డు సొనలాంటి పసుపు ముద్ద, ఆ ముద్దకు బొడ్డు తాడులాంటి దారంతో అంటుకుని వేలెడంత చేట చేప. రెక్కలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. తోక మాత్రం కొరడాలా ఆగకుండా కొట్టుకుంటూ ఉంది.

ఆమె తన యాసలో చెప్పుకుంటూ పోయింది. తల్లి అడుగున ఇసుకలో, నాచులో ఈ సంచిని వదిలేసి పోతుందనీ, మళ్లీ రాదనీ, పిల్ల నెలల తరబడి ఆ సొన తింటూ లోపలే పెరుగుతుందనీ, కొమ్ముల పక్కన సన్నటి చీలికలు తెరుచుకున్నాక తోకతో విసిరి విసిరి కొత్త నీళ్లు లోపలికి లాక్కుంటుందనీ. బయటికొచ్చాక కూడా ఇసుక కప్పుకుని కండ్లు రెండే పైకి పెట్టి పడుకుంటుందట. నోరు కిందుంటుంది కనుక ఇసుక మింగకుండా కండ్ల వెనకాల ఉన్న బొక్కలతో ఊపిరి పీలుస్తుందట. పీతో రొయ్యో పైనుంచి పోతే మీద పడి కప్పేస్తుందట. అంతా చెప్పి, మేము తాగేందుకు ఒడ్డున తవ్వుకున్న నీళ్ల గుంత వైపు చెయ్యి చూపి, ఆ గోతి నీళ్లు తాగిస్తే పిల్లోడికి వాంతులు రాక ఏటొస్తాది, సర్కారు ఆస్పత్రి రోడ్డు మీదే ఉంది, ఏటి చూస్తన్నారు అని మా మొహాన కొట్టినట్టు అడిగింది.

చేప అయితే మాత్రం ఏంది, కొమ్ములున్నది ఇంట్లో పెట్టుకుంటారా అని బావ గొణుగుతున్నాడు. అప్పుడు యారాలు పిల్లవాణ్ని భుజాన వేసుకుని దగ్గరికొచ్చి, ఆ ముసలామె అరచేతిలోకి వంగి చూసింది. నదిలో చేప గుడ్లు సజ్జ గింజల్లా రాసులుగా చూసిన మనిషి, చేపపిల్ల అంటే ఏమిటో మా అందరిలో ఆమెకే తెలుసు. చాలాసేపు చూసింది. తోక కొట్టుకోవడం చూసింది. లేచి, కొడుకును తీసి నా చేతుల్లో పెట్టింది.

"చెల్లె, పట్టు పిలగాన్ని. దవాఖాన దాక నువ్వెత్తుకో, నా చేతుల్ల బలం లేదు."

బావ ఆగమన్నాడు. ఆమె వెనక్కి చూడకుండానే, "ఆగితే నువ్వాగు" అంది.

నెత్తి మీద గంప లేకుండా ఆ రోజు నేను మోసిన బరువు ఆ పిల్లవాడే. రోడ్డు పొడుగునా నా మెడ మీద వాడి వేడి ఊపిరి తగులుతుంటే, వీడు బతకకపోతే నేనూ బతకనని నాకు తెలుసు, అయినా ఆ సంగతి కంటే వాడి ఊపిరే నాకు ముఖ్యమైంది. దవాఖానలో సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ నీళ్ల గురించి మమ్మల్నిద్దర్నీ బాగా తిట్టింది. మేము ఆ తిట్లు మంచి వార్త విన్నట్టు విన్నాం. బతికాడు. ఇప్పుడు వాడు వరికోత మిషన్ నడుపుతున్నాడు, నన్ను చిన్నమ్మ అంటాడు, నోరు నా నోరే వచ్చింది.

కోసిన సంచిలోని చేపపిల్లను ఆ ముసలామె తిరిగి కుండ నీళ్లలో వేసింది గాని, మేము దవాఖాన నుంచి వచ్చేసరికి అది కదలడం లేదు. నా మాట నిలబడడానికి ఒక ప్రాణం పోయింది.

మరునాడు వరుసలో కొన్ని చేతులు నా గంప అందుకున్నాయి, కొన్ని అందుకోలేదు. బావ తన మాట వెనక్కి తీసుకోలేదు, చచ్చేదాకా తీసుకోలేదు. పని ముగిసి మేము ఊరికి వచ్చేసరికి మాకంటే ముందే ఆ పేరు ఊరు చేరింది. కొట్టలేదు, కట్టేయలేదు, యారాలు అడ్డం నిలబడినందుకు అంతవరకు తప్పింది. కానీ తొలకరి వచ్చిందంటే ఊళ్లో ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు పోయి, నీ జొన్నలు కొన్ని ఇయ్యి, నా అనుములు కొన్ని తీసుకో అని చేటల్లో విత్తనాలు మార్చుకునేవాళ్లు కదా, ఆ చేటలు నా గడప తొక్కలేదు. నా చేతి విత్తనం వేస్తే చేను ఎండుతుందన్నారు. ఏటేటా యారాలు ఒక్కతే నడివీధిలోంచి అందరూ చూసేటట్టు వచ్చి, నా జొన్నలు కొంగులో కట్టించుకుని పోయేది. ఆమె చేను ఎండితే అందరి చేన్లతోపాటే ఎండింది, పండితే అందరికంటే బాగా పండింది.

నేనేం చేశానంటారా? అప్పటిదాకా వంటింట్లో పొగకు వేలాడదీసే విత్తనాల మూటను తెచ్చి వీధి వాకిట్లో, వచ్చేపోయేవాళ్ల నెత్తికి తగిలేంత కిందికి వేలాడదీశాను. బూడిద రాలితే రాలనిచ్చాను. చూడదలచుకున్నవాళ్లు విప్పి చూసుకోండి అన్నాను. ఎవరూ విప్పలేదు.

యాభై దాటాక బడి అరుగు మీద పెద్దవాళ్లకు సాయంత్రం పూట చదువు చెప్తుంటే పోయి కూర్చున్నాను. సంతకం వస్తే చాలని మిగతావాళ్లు మానేశారు, నాకు చాలలేదు. కూడబలుక్కుని చదవడం వచ్చాక వనపర్తి లైబ్రరీకి పోయి, పిల్లలు చదివే పుస్తకాల్లో ఆ చేప బొమ్మ వెతుక్కున్నాను. దొరికింది. దాని ఒంట్లో గట్టి ఎముకలు ఉండవనీ, మన చెవి తమ్మెలా వంగే మెత్తటి ఎముకే ఉంటుందనీ, సొరచేపకు దగ్గరి చుట్టమనీ, విషపు ముల్లున్న టేకులు పిల్లల్ని కంటే ఈ రకం గుడ్డు పెడుతుందనీ రాసి ఉంది. అడుగు ఊడ్చుకొచ్చే వలలతో ఈ గుడ్లు, పిల్లలు కూడా కొట్టుకొస్తున్నాయని కూడా రాసి ఉంది. ఆ ముసలామె చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ పేజీ మీద వేలు పెట్టుకుని నేను బయటికి చదివాను, పేపరు చదువుకుంటున్న మనుషులు తలలెత్తి చూసినా ఆపలేదు. నా పేరు మీద పడ్డ మచ్చను నేనే అక్షరం అక్షరం చదివి కడుక్కున్నట్టు అనిపించింది. కానీ వినవలసినవాళ్లు ఒక్కరూ ఆ గదిలో లేరు, యారాలు అప్పటికే పోయింది.

ఇప్పుడు ఈ దిక్కంతా మారింది. ఎత్తిపోతల నీళ్లు వచ్చి చెరువులు నిండుతున్నాయి, కూలికి లారీలెక్కి పోయేవాళ్లు తగ్గారు, కల్వకుర్తి దాకా బస్సులో పోతుంటే కిటికీలోంచి వరి కనిపిస్తుంది. మా చౌడు చెలకలో ఏమీ మొలవలేదు గాని ప్లాట్ల రాళ్లు పాతారు. బాణామతి అనే మాట ఎవరూ పైకి అనరు, కొంగు సర్దుకుని జరుగుతారు, అంతే. వానాకాలం ముందర విత్తనాల దుకాణం దగ్గర అందరం ఒకే వరుసలో నిలబడతాం, నా జొన్నలు వద్దన్నవాళ్లూ, వాళ్ల కోడండ్లూ, నేనూ. రంగు పూసిన గింజలున్న అవే పొట్లాలు అందరి చేతుల్లోకీ వస్తాయి. నా చేతి విత్తనం కాదనేవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఎవరూ లేరు, ఎందుకంటే ఎవరి చేతి విత్తనమూ ఎవరికీ అక్కర్లేదు. తప్పైంది అని ఒక్కరు చేట పట్టుకుని గడప దాకా వస్తారని నేను చాలా ఏండ్లు ఎదురు చూశాను, వస్తే నిండా కొలిచి ఇద్దామని కూడా అనుకున్నాను. వాళ్లు వచ్చే లోపలే ఊళ్లో జొన్నలు విత్తడమే పోయింది.